ఇంట గెలుపు, రచ్చ గెలుపు: రాయచూరు కోట నుంచి జకార్తా మైదానం దాకా

ఇదివరకటి పోస్టుల్లాగే ఇదీ పొడుగే. తీరిక చూసుకుని చదవండి. ఇంట్లో ఆటలంటే ఇష్టమున్న పిల్లలుంటే చదివి వినిపించండి.

ఇంట గెలిచి రచ్చ గెలవమని మన పెద్దలు చెప్పారు. ముందు ఇంట గెలవమన్నారంటే అది కాస్త సులువని, రచ్చ గెలవడం కష్టమని వాళ్ళకు తెలుసన్నమాట. ఆటల్లో ఇదే విషయాన్ని ఇప్పుడు 'హోమ్ అడ్వాంటేజ్' అంటున్నారు. సొంత మైదానం వల్ల వచ్చే బలం అని మనం అనుకోవచ్చు. ఆ బలం నిజంగా ఉందా? ఉంటే ఎంత? ఎవరూ లెక్కచేయని జట్టు పరాయి ఊరికి పోయి గెలవాలంటే దారి ఏమిటి? ఈ ప్రశ్నలకు జవాబులు మన చరిత్రలోనే చాలా దగ్గరగా ఉన్నాయి. అవన్నీ ఒకచోట పెడదామని ఈ ప్రయత్నం.

ముందు అమెరికా ముచ్చట. మన సంఘంలో ఎన్నో ఇళ్ళ పిల్లలు అక్కడున్నారు. జనవరి వచ్చిందంటే ఫోన్లో 'ప్లేఆఫ్స్' అనే మాట వినబడుతుంది. వాళ్ళు ఫుట్‌బాల్ అనేది మనం కాలితో ఆడే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని, విసురుతూ, ఒకరినొకరు పడదోసుకుంటూ ఆడే ఆట. పెద్ద లీగులో 32 జట్లు ఉంటాయి, అవి రెండు వర్గాలు. సీజను అయ్యాక వర్గానికి ఏడు జట్లు చొప్పున ప్లేఆఫ్స్‌కి వస్తాయి. అక్కడి నుంచి ఒక్క ఆట ఓడితే ఇంటికే.

ఈ పద్ధతిలో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. సీజనంతా బాగా ఆడిన జట్టుకు బహుమానంగా ఇచ్చేది సొంత మైదానమే. పై ర్యాంకు జట్టు ఊళ్ళో ఆట జరుగుతుంది, కింది ర్యాంకు జట్టు ప్రయాణం కట్టుకుని పోవాలి. చివరి ఆటైన సూపర్ బౌల్ ఒక్కటే ముందుగా నిర్ణయించిన ఊళ్ళో పెడతారు. సొంత మైదానానికి విలువ లేకపోతే దాన్ని బహుమానంగా ఎవరైనా ఇస్తారా?

అయినా తారుమారైన ఏళ్ళున్నాయి. 2005 సీజనులో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ తమ వర్గంలో చిట్టచివరి, అంటే ఆరో ర్యాంకుతో వచ్చి మూడు పరాయి మైదానాల్లో గెలిచి, సూపర్ బౌల్ కూడా గెలిచింది. అప్పటికి వర్గానికి ఆరు జట్లే వచ్చేవి. 2010 సీజనులో గ్రీన్ బే ప్యాకర్స్ అదే పని చేసింది. ఈ రెంటికీ మధ్య 2007 సీజనులో న్యూయార్క్ జెయింట్స్ కథ ఇంకా పెద్దది. టాంపా, డాలస్, గ్రీన్ బే, మూడు ఊళ్ళూ తిరిగి గెలిచి, 2008 ఫిబ్రవరి 3న న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌ను 17-14తో ఓడించింది. ఆ పేట్రియట్స్ అప్పటిదాకా 18 ఆటలాడి ఒక్కటీ ఓడలేదు.

సొంత మైదానం బలహీనుణ్ణి నిలబెట్టిన కథా ఉంది. 2011 జనవరి 8న సియాటిల్ జట్టు సొంత ఊళ్ళో న్యూ ఆర్లీన్స్‌ను 41-36తో ఓడించింది. ఆ సీజనులో సియాటిల్ 7 గెలిచి 9 ఓడిన జట్టు. న్యూ ఆర్లీన్స్ అంతకు ముందు ఏడాది విజేత. చివర్లో సియాటిల్ ఆటగాడు ఒకరు చాలా దూరం పరుగెత్తి స్కోరు చేసినప్పుడు జనం గంతులకు దగ్గర్లోని భూకంప నమోదు యంత్రంలో గీతలు పడ్డాయి.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. పరాయి ఊళ్ళో మన జట్టు గెలిచే అవకాశం నూటికి 40 అనుకుందాం. ఒక్క ఆటకైతే అది తక్కువేమీ కాదు. మూడు ఆటలు వరుసగా గెలవాలంటే 40లో 40 శాతం, అందులో మళ్ళీ 40 శాతం. నూటికి ఆరు చిల్లర. నాలుగో ఆట కూడా అంతే కష్టమైతే నూటికి రెండున్నర. అందుకే జెయింట్స్ లాంటి కథలు అరుదు. అయితే ఒక్క ఆటతో తేలిపోయే పోటీయే బలహీనుడికి మేలు. అదే రెండు జట్ల మధ్య ఏడు ఆటలు పెడితే బలమైనవాడే పైకి తేలుతాడు. ఒక్క ఆటలో ఎవరి రోజు వాళ్ళది.

సొంత గడ్డ బలాన్ని విప్పి చూస్తే అందులో నాలుగు ముక్కలు కనిపిస్తాయి. ఒకటి ప్రయాణం: వచ్చినవాడు అలసిపోయి వస్తాడు. రెండు నేల: మెట్ట ఎక్కడుందో, గాలి ఎటు వీస్తుందో ఉన్నవాడికి తెలుసు. మూడు జనం. నాలుగు తీర్పు: రిఫరీ చేతిలో ఉండేది. ఈ నాలుగింటినీ మన చరిత్రలో ఒక్కొక్కటిగా చూద్దాం.

నేల సంగతికి మన రాయచూరు కన్నా మంచి ఉదాహరణ ఎక్కడుంది? ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర, మధ్యలో మనం. కోట గోడ మీద దాదాపు 41 అడుగుల పొడవున్న ఒకే రాతి పలక మీద తెలుగు శాసనం ఉంది, అందరూ చూసే ఉంటారు. 1294లో గోన వంశపు ప్రభువు కింద విఠ్ఠలనాథుడు ఈ కోట కట్టించాడని అది చెబుతుంది. కాకతీయుల కాలం అది. ఆ తర్వాత బహమనీలు, విజయనగరం, బీజాపూరు, మొఘలులు, నిజాం. ఇంతమంది చేతులు మారిన ఊళ్ళో 'సొంత గడ్డ' ఎవరిదని అడిగితే జవాబు చెప్పడం కష్టమే.

1520లో కోట బీజాపూరు వాళ్ళ చేతిలో ఉంది. శ్రీకృష్ణదేవరాయలు పెద్ద సైన్యంతో వచ్చి ముట్టడించాడు. ఎత్తు గోడలు, లోపల నిల్వలు, నేల తెలిసిన కాపలా సైన్యం, అన్నీ కోట వాళ్ళ వైపే. ఇస్మాయిల్ ఆదిల్ షా తన కోటను కాపాడుకోవడానికి ఫిరంగులతో వచ్చాడు. నది అవతలే ఉండి ఉంటే కృష్ణే అతనికి గోడ. అతను నది దాటి ఇవతలికి వచ్చాడు. 1520 మే 19న యుద్ధం జరిగింది. మొదట అతని ఫిరంగుల దెబ్బకు విజయనగరం ముందు వరస చెదిరిపోయింది. రాయలు వెనక వరసలను కూడదీసుకుని మళ్ళీ మీద పడ్డాక ఆదిల్ షా సేన వెనక్కి తిరిగింది. వెనక ఉన్నది నది. నేల తనదే అయినా, తను ఎంచుకుని నిలబడ్డ చోటే అతని కొంప ముంచింది.

యుద్ధం గెలిచినా కోట వెంటనే లొంగలేదు. అప్పుడు పోర్చుగీసువాడైన క్రిస్టోవావ్ ది ఫిగ్యురెడో 20 మంది తుపాకులవాళ్ళతో వచ్చి గోడమీద తలెత్తిన వాళ్ళనల్లా కాల్చాడని నూనిజ్ రాశాడు. కోట అధిపతి గోడ మీద నుంచి వంగి చూడబోయి నుదుట గుండు తగిలి పోయాడు, ఆపైన కోట లొంగింది. రెండు శతాబ్దాలకు పైగా నిలబడ్డ గోడల బలాన్ని, వాళ్ళు లెక్కలోకి తీసుకోని 20 తుపాకులు తగ్గించేశాయి. యుద్ధం ఆట కాదు, ప్రాణాలు పోయే వ్యవహారం. అయినా సొంత నేల బలం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ చేతికి రాకుండా పోతుందో ఇంత స్పష్టంగా చెప్పే కథ మన ఊళ్ళోనే ఉంది.

ఇక అసలు ఆటల కథకు వద్దాం. 1956 నవంబరు 1 దాకా రాయచూరు హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. ఆ రోజు వరకు 'హైదరాబాద్ జట్టు గెలిచింది' అని పేపర్లో వస్తే అది మన జట్టే. ఆ రోజు తర్వాత మన జట్టు మైసూరు. ఊరు కదలలేదు, ఇల్లు మారలేదు, సొంత జట్టు మాత్రం ఒక్క రాత్రిలో మారింది. ఇలాంటి అనుభవం ఉన్న జిల్లాలు దేశంలో కొన్నే. అందుకని రెండు జట్ల చరిత్రా మనదే అనుకునే హక్కు మనకుంది.

అప్పట్లో దేశంలో ఫుట్‌బాల్‌కు మూడు పెద్ద పోటీలు. 1888లో సిమ్లాలో మొదలై తర్వాత ఢిల్లీకి వచ్చిన డ్యూరాండ్ కప్, 1891 నుంచి బొంబాయిలో రోవర్స్ కప్, 1893 నుంచి కలకత్తాలో ఐఎఫ్‌ఏ షీల్డ్. తొలి రోజుల్లో ఇవన్నీ బ్రిటిష్ పల్టన్లు పంచుకున్న కప్పులు. 1911 జులై 29న మోహన్ బగాన్ జట్టు కలకత్తాలో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి షీల్డ్ తీసుకుంది. పదకొండు మందిలో పది మంది ఉత్త కాళ్ళతో ఆడారు. ఊరు వాళ్ళది, జనం వాళ్ళవాళ్ళు, అధికారం మాత్రం ఎదుటివాళ్ళది. బొంబాయి రోవర్స్ కప్పును మొదటిసారి గెలిచిన భారతీయ జట్టు మన పక్క బెంగళూరు నుంచే వెళ్ళింది. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ ఆ కప్పు గెలిచింది, మరుసటి ఏడూ గెలిచింది.

ఆ తర్వాత వచ్చింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఒక్కసారి ఆలోచించండి. డ్యూరాండ్ ఢిల్లీలో, రోవర్స్ బొంబాయిలో, షీల్డ్ కలకత్తాలో. మూడింట్లో ఒక్కటీ హైదరాబాద్‌లో లేదు. ఈ జట్టుకు పెద్ద పోటీల్లో సొంత మైదానం అన్నదే లేదు. రైలెక్కి పోవాలి, ఎవరి ఊళ్ళోనో ఆడాలి. అలాంటి జట్టు 1950 నుంచి 1954 దాకా రోవర్స్ కప్పును ఐదేళ్ళు వరుసగా గెలిచింది. 1950 డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి వాళ్ళు ఈ జట్టు నుంచే దేశం తరఫున ఆడారు.

దాని వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు, బడిపంతులు. అందరూ రహీమ్ సాబ్ అనేవాళ్ళు. డబ్బు, పెద్ద మైదానాలు ఆయన దగ్గర లేవు, పద్ధతి ఉండేది. డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి అనే నియమంతో పిల్లలకు పోటీలు పెట్టారు. అలవాటు లేని కాలితోనే ఆడాలి అనే పోటీలూ పెట్టారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో ఆడాలి. ఇదేదో పిల్లల సరదాలాగా కనిపిస్తుంది. కానీ పరాయి మైదానంలో బంతి మనకు నచ్చినట్టు రాదు. ఏ కాలికి వస్తే ఆ కాలితో కొట్టగలిగినవాడికి నేల ఎవరిదైనా ఒకటే. పొట్టి పాసులతో, బంతిని నేలమీదే ఉంచి ఆడే జట్టుకు జనం కేకలు కూడా తక్కువ అడ్డం.

ఇంతటి జట్టుకూ సొంత గడ్డ దెబ్బ తగిలింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో 1949-50లోనూ, 1950-51లోనూ హైదరాబాద్ ఫైనల్ దాకా వెళ్ళింది. రెండుసార్లూ ఆట కలకత్తాలో, ఎదుట బెంగాల్. రెండుసార్లూ బెంగాలే గెలిచింది. అదే బెంగాల్ బెంగళూరుకు వస్తే? 1946-47లో బెంగళూరులో మైసూరు చేతిలో ఓడింది. 1952-53లో మళ్ళీ అక్కడే మైసూరు చేతిలో ఓడింది. 1968-69లో కూడా అంతే. అప్పటికి మైసూరు మన రాష్ట్రం. ఈ మూడు ఫలితాలూ చూసి 'సొంత మైదానం ఉంటే చాలు' అనుకునేవాళ్ళ కోసం 1962-63 ఉంది. ఆ ఏడు బెంగళూరులోనే బెంగాల్ మైసూరును ఓడించి కప్పు పట్టుకుపోయింది.

హైదరాబాద్ చివరికి సంతోష్ ట్రోఫీ గెలిచింది 1956-57లో, తిరువనంతపురంలో. అటు ఇటు ఎవరిదీ కాని మైదానంలో బొంబాయిని ఓడించింది. మరుసటి ఏడు సొంత హైదరాబాద్‌లోనే మళ్ళీ బొంబాయిని ఓడించింది. రహీమ్ జట్టు రచ్చ గెలిచాకే ఇంట గెలిచింది. సామెత తిరగబడింది.

క్రికెట్ వైపు చూసినా ఇదే ముచ్చట. హైదరాబాద్ రంజీ ట్రోఫీ రెండేసార్లు గెలిచింది, రెండూ పరాయి ఊళ్ళోనే. 1937-38 ఫైనల్ బొంబాయిలో, ఎదుట అంతకు ముందు ఏడాది విజేత నవానగర్. ఆ జట్టులో అమర్ సింగ్ లాంటి బౌలర్. మొదటి ఇన్నింగ్స్‌లో 113కే ఆలౌట్ అయిన హైదరాబాద్‌కు గెలవడానికి 310 పరుగులు కావాలి. ఎడుల్జీ ఐబారా 137 పరుగులతో చివరిదాకా నిలబడ్డాడు, ఒక్క వికెట్ మిగిలుండగా గెలిచారు. అప్పుడు రాయచూరు హైదరాబాద్‌దే కాబట్టి ఆ గెలుపు మన తాతలది కూడా. రెండోసారి 1986-87లో, ఢిల్లీని ఢిల్లీ కోట్లా మైదానంలోనే మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యంతో దాటారు.

ఇక మిగిలిన రెండు ముక్కలు, జనం, తీర్పు. ఈ రెండూ విడివిడిగా లేవని శాస్త్రజ్ఞులు తేల్చారు. 2002లో ఇంగ్లండ్‌లో 40 మంది రిఫరీలకు ఒకే ఆట వీడియో చూపించారు. కొందరికి జనం అరుపులతో, మిగతావాళ్ళకు చప్పుడు లేకుండా. అరుపులు విన్నవాళ్ళు సొంత జట్టు మీద తక్కువ ఫౌళ్ళు ఇచ్చారు. ఎవరూ లంచం తీసుకోలేదు, ఎవరికీ పక్షపాతం ఉద్దేశం లేదు. చెవిలో పడ్డ కేక చేతిలోని విజిల్‌ను కాస్త ఆపింది, అంతే. 2020లో కరోనా వల్ల ఐరోపాలో ఖాళీ మైదానాల్లో ఆడించినప్పుడు సొంత జట్ల ఆధిక్యం తగ్గింది, వచ్చిన జట్లకు చూపించే కార్డులూ తగ్గాయి.

దీనికి మన ఊళ్ళోనే ఇంకో కొస ఉంది. కారు హుణ్ణిమె రోజుల్లో మున్నూరు కాపు సమాజం వాళ్ళు జరిపే ముంగారు సాంస్కృతిక రాయచూరు హబ్బలో ఎడ్లతో రాయి లాగించే పోటీలు మనందరికీ తెలిసినవే. ఆంధ్ర, తెలంగాణల నుంచి జతలు వస్తాయి. బండ ఒకటే, బాట ఒకటే, సమయం ఒకటే, టేపు పెట్టి దూరం కొలుస్తారు. ఇక్కడ జనం ఎంత అరిచినా టేపు సాగదు. తీర్పు మనిషి చేతిలోంచి కొలత చేతిలోకి పోయిన ఆటలో సొంత ఊరి బలం తగ్గిపోతుంది. ప్రయాణపు అలసట ఒక్కటే మిగులుతుంది, అందుకే దూరం నుంచి వచ్చేవాళ్ళు ముందుగానే దిగి ఎడ్లకు విశ్రాంతి ఇవ్వడం తెలివైన పని.

ఇప్పుడు రహీమ్ సాబ్ దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆయన గెలుపులే చెప్పి వదిలేస్తే అది సగం చరిత్ర అవుతుంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడింది. మనవాళ్ళలో చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. 1911లో కలకత్తాలో చెల్లిన ఉత్త కాళ్ళు ఆ చలి దేశంలో చెల్లలేదు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో అదే రహీమ్ జట్టు, చాలామంది హైదరాబాద్ ఆటగాళ్ళతో, ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదే 4-2తో ఓడించింది. బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆ రోజు 1956 డిసెంబరు 1. మన రాయచూరు మైసూరులో చేరి సరిగ్గా నెల. ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా భారత ఫుట్‌బాల్ వెళ్ళింది ఆ ఒక్కసారే.

చివరి పరీక్ష 1962, జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వలేదు. దాన్ని క్రీడా సంఘంలో భారతీయుడైన జి.డి.సోంధి గట్టిగా తప్పుపట్టారు, వీటికి ఆసియా క్రీడలన్న పేరే చెల్లదన్నారు. దాంతో ఊరు ఊరంతా భారతీయుల మీద మండిపడింది. గుంపు మన రాయబార కార్యాలయం మీద దాడి చేసింది. ఆ మరునాడే, సెప్టెంబరు 4న, ఫుట్‌బాల్ ఫైనల్.

ఎదుట దక్షిణ కొరియా. మొదటి ఆటలోనే మనల్ని 2-0తో ఓడించిన జట్టు. సుమారు లక్ష మంది జనం, దాదాపు అందరూ మనకు వ్యతిరేకం. మన జాతీయ గీతం వస్తుంటే కూడా అరుపులే. ఆ మైదానం కొరియాది కూడా కాదు, కానీ ఆ రోజు అది కొరియాకు సొంత మైదానమైంది. సొంత గడ్డ అంటే మట్టి కన్నా మనుషులే అని దీన్ని చూస్తే తెలుస్తుంది. ఆ జనంలో మనకు చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టు అని మన ఆటగాళ్ళు తర్వాత కథలుగా చెప్పుకున్నారు.

రహీమ్ అప్పటికే జబ్బు మనిషి. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు అంతకు ముందు జరిగిన ఒక ఆటలో తల పగిలి కుట్లు పడ్డాయి. అతణ్ణి రహీమ్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. గోల్‌లో హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్. ముందు వరసలో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం, ఇంకో హైదరాబాదీ యూసుఫ్ ఖాన్. 17వ నిమిషంలో పి.కె.బెనర్జీ గోల్, 20వ నిమిషంలో ఆ కుట్ల తలతోనే జర్నైల్ గోల్. కొరియా చివర్లో ఒకటి తిరిగి కొట్టింది. 2-1. బంగారు పతకం. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు బంగారం రాలేదు. రహీమ్ తొమ్మిది నెలలకు, 1963 జూన్‌లో, క్యాన్సర్‌తో పోయారు.

ఇంత చరిత్ర ఎందుకు తవ్వామంటే, మన సంఘంలో పిల్లల జట్లను బయటి ఊళ్ళ పోటీలకు పంపే మాట వచ్చిన ప్రతిసారీ ఒక వాదన వస్తుంది. 'వాళ్ళ ఊళ్ళో మనకు న్యాయం జరగదు, బండి ఖర్చు దండగ' అని. ఆ వాదనలో నిజం ఉంది. కలకత్తాలో రెండుసార్లు ఓడిన హైదరాబాద్ ఆ నిజానికి సాక్షి. కానీ ఆ నిజం సైజు ఎంత? అది కొండంత కాదు. నాలుగు ముక్కలు, నాలుగింటికీ మందుంది. ప్రయాణానికి మందు ఒక రోజు ముందు చేరడం. నేలకు మందు ఆటకు ముందు సాయంత్రం ఆ మైదానంలో గంటసేపు పరుగెత్తడం, చెప్పుల్లేకుండా ఒకసారి నడిచి చూడడం. జనానికి మందు చప్పుడులో సాధన చేయడం. పెళ్ళి ఊరేగింపు బ్యాండు పక్కన ప్రాక్టీసు చేస్తే కూడా తప్పులేదు. తీర్పుకు మందు ఒక్కటే, రిఫరీ ఒక్క నిర్ణయం మీద ఆధారపడనంత స్పష్టంగా ఆడడం. రహీమ్ అలవాటు లేని కాలి పోటీలు పెట్టింది ఇందుకే పనికొచ్చింది. వీటికి ఖర్చు పెద్దగా లేదు. బడిపంతులు జీతం మీద బతికిన మనిషి చేయగలిగినవే ఇవన్నీ.

సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల్లో స్థిరపడ్డ మన రైతు కుటుంబాల సంగతి చూడండి. తుంగభద్ర కాలువ నీళ్ళొచ్చాక తీర జిల్లాల నుంచి మూటాముల్లె కట్టుకుని వచ్చారు. నేల తెలియదు, భాష తెలియదు, తీర్పు చెప్పేవాళ్ళు తెలియదు. వాళ్ళు ఆడింది కూడా పరాయి మైదానంలోనే. నల్లరేగడిని నేర్చుకున్నారు, కన్నడం నేర్చుకున్నారు, పక్కింటివాళ్ళతో కలిశారు. ఇప్పుడు వాళ్ళ మనవలకు సొంత ఊరు ఏదంటే సింధనూరే అంటారు. ఎవరి ఇంట్లోనైనా రెండు తరాలు గడిస్తే రచ్చ ఇల్లైపోతుంది.

ఇంకో మాట కూడా మనలో మనం అనుకోవాలి. బయటి జట్లు మన ఊరికి వచ్చిన రోజు ఆ అరిచే జనం మనమే. మన అరుపుకు మన రిఫరీ విజిల్ ఆగుతుంది, మన పిల్లలకు తేలిగ్గా కప్పు వస్తుంది. అలా వచ్చిన కప్పుతో బయటికి పోయిన పిల్లాడికి మొదటి ఆటలోనే అసలు సంగతి తెలుస్తుంది. మన పిల్లలకు గట్టిగా చప్పట్లు కొడదాం, కొట్టాలి కూడా. ఎదుటి ఊరి పిల్లాడు మంచి ఆట ఆడినప్పుడు కూడా కొడదాం. జకార్తాలో మనకు దొరికిన ఆ కొద్దిమంది చప్పట్లు అరవై ఏళ్ళు దాటినా మనవాళ్ళు మరిచిపోలేదు. మన మైదానం నుంచి కూడా ఎవరో ఒక పిల్లాడు అలాంటి జ్ఞాపకం పట్టుకుపోతే రాయచూరుకు అంతకన్నా మంచి పేరేముంది?

పాత హైదరాబాద్ రాష్ట్రం రోజుల్లో పోలీస్ జట్టు ఆటను రేడియోలో విన్నవాళ్ళు, బొంబాయి మెయిలు మన స్టేషన్లో ఆగినప్పుడు ఆటగాళ్ళను చూశామని చెప్పుకున్న తాతలు ఎవరైనా మీ ఇళ్ళల్లో ఉంటే వాళ్ళ మాటలు కింద రాయండి. 1871లో మద్రాసు రైలు, బొంబాయి రైలు కలిసింది మన రాయచూరులోనే కదా. ఆ దారిన ఎన్ని జట్లు పరాయి మైదానాలకు పోయి ఉంటాయో! ఆ ముచ్చట్లన్నీ కూడితే మన సంఘానికి ఒక చిన్న పుస్తకమే అవుతుంది.